బ్లీచింగక్క

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. వీధికి మాత్రం ఆమె బ్లీచింగక్క. ఆరోగ్య కార్యకర్తగా చేరినప్పటి నుంచి మంచినీళ్ళ బావిలో బ్లీచింగు పొడి కలిపించడం, చేతులు కడుక్కోండర్రా, నీళ్ళు కాచి తాగండర్రా అని గడప గడపకూ తిరిగి చెప్పడం ఆమె పని. చెప్పులరిగాయి గానీ వినేవాళ్ళు తక్కువే. ఇంట్లోనే దిక్కులేదు. "నీ బావి నీళ్ళు తాగితే కడుపులో బట్టలుతికినట్టుంటుందే" అనేవాడు మొగుడు.

ఆ ఏడు వానలకు విరేచనాలు మొదలయ్యాయి. భయపడి ఆమె పొడి రెండింతలు వేయించింది. అదే కొంప ముంచింది. వాసన భరించలేక బిందెలన్నీ కాలవ దారి పట్టాయి. కాలవ నీళ్ళు తియ్యగా ఉంటాయట! ఊరంతా పొద్దున్నే చెంబు పట్టుకెళ్ళేది ఆ గట్టుకేనని తెలియనివాళ్ళెవరు?

తోడికోడలి చంటివాడికీ పట్టుకుంది. బ్లీచింగక్క ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చి, కలిపే తీరు చూపించి, "గుక్కగుక్కగా పడుతూనే ఉండు" అని చెప్పి మిగతా ఇళ్ళకు పరిగెత్తింది. ఆ తల్లి రెప్ప వేయకుండా పట్టింది. అయినా వాడు నీరసించిపోయాడు. బండి మాట్లాడుకుని ఆసుపత్రికి బయలుదేరారు గానీ దారిలోనే పోయాడు.

తోడికోడలు ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది.

"నువ్వు చెప్పినట్టే చేశానక్కా. బావి నీళ్ళలో కలిపితే కక్కేస్తున్నాడని, కాలవకెళ్ళి తెచ్చి మరీ కలిపాను. అన్నీ పట్టాను. ఎందుకు పని చెయ్యలేదక్కా?"

కాలవ నీళ్ళా! బ్లీచింగక్కకు అప్పుడు అర్థమైంది. గుమ్మంలో అమ్మలక్కలు చంకన పిల్లలతో జవాబు కోసం చూస్తున్నారు. నిజం చెబితే ఆ పిల్లలు బతుకుతారు. చేతులారా తనే పట్టానని తెలిశాక ఈ తల్లి బతుకుతుందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఆ ప్యాకెట్లు మంచివి కావేమోనమ్మా" అంది.

వారం తిరక్కుండా పక్కింటి పసిదానికి మొదలైంది. బ్లీచింగక్క కొత్త ప్యాకెట్టూ, కాచిన నీళ్ళూ పట్టుకుని పరిగెత్తింది. పక్కింటామె గుమ్మంలోనే చెయ్యడ్డం పెట్టింది.

"వద్దక్కా. అవి మంచివి కావని నువ్వేగా అన్నావు."

"తప్పు చెప్పానమ్మా. మంచివే. నా మాట విను."

"మరి మీవాడెందుకు పోయాడు?"

తోడికోడలు వాకిట్లోనే నిలబడి వింటోంది. బ్లీచింగక్క నోరు తెరిచింది, మాట మింగేసింది. పక్కింటామె తలుపు వేసుకుంది.