లిథియం ఎవరు తిన్నారు

నేను చదువుకున్నది ముసలి నక్షత్రాల్లోని లిథియం గురించి. మార్కండిలో చేపలు ఎండబెట్టే ఇంటి పిల్లకి ఇదేం చదువని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేదాన్ని: ఎవరో ఒకరు చదవాలి కదా. విశ్వం పుట్టిన మొదటి నిమిషాల్లో హైడ్రోజన్, హీలియంతో పాటు చిటికెడు లిథియం కూడా తయారైంది. ఎంత తయారై ఉండాలో లెక్క ఉంది. తొలినాళ్ల నక్షత్రాల వెలుగుని విడదీసి చూస్తే ఆ లెక్కలో మూడో వంతు లిథియమే కనిపిస్తుంది. మిగతాది నక్షత్రాలే లోపలికి లాక్కుని కాల్చేసుకున్నాయని కొందరంటారు. నేను ఒప్పుకోను. అలాగైతే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కాల్చుకోవాలి. అన్నిట్లోనూ ఇంచుమించు ఒకే మోతాదు ఎలా మిగులుతుంది? నక్షత్రాల మీద నేరం మోపే ముందు ఇంకోచోట వెతకండయ్యా అని సభల్లో లేచి పోట్లాడేదాన్ని.

మా అన్న కూడా లిథియం మింగుతాడు. మనసు అదుపు తప్పే జబ్బుకి అదే మందు. ఒకప్పుడు నాలుగు రోజులు కంటి మీద కునుకు లేకుండా తిరిగి, తుఫాను హెచ్చరిక ఉన్నా ఒక్కడే పడవ తోసుకుని సముద్రం మీదికి పోయాడు. ఊరంతా కలిసి వెనక్కి తెచ్చారు. మాత్రలు మొదలయ్యాక ఏళ్ల తరబడి నిమ్మళంగా ఉన్నాడు. నిరుడు వేసవిలో బరంపురంలో రక్తపరీక్ష చేయిస్తే లిథియం బాగా తగ్గిందని వచ్చింది. ఇలాగే ఉంటే పడవ ఎక్కనివ్వనన్నాడు డాక్టరు. పడవ లేకపోతే మా అన్నకి బతుకే లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మాత్రలు పారేస్తున్నాడని తేల్చేశాను.

"మింగతన్నానమ్మా," అన్నాడు అన్న.

"మింగితే ఏటైపోనాది మరి?"

"నాకేటి తెల్సు? సదువుకున్నదానివి, నువ్వే సెప్పు."

మా అన్నకి అబద్ధమాడటం రాదు. చేప నిన్నటిదైతే కొనేవాళ్లకి నిన్నటిదనే చెప్పి అమ్మ చేత తిట్లు తింటాడు. అయినా నమ్మలేదు. బరంపురంలోనే అంకులి పేటలో ఉన్న నా ఇంటికి తెచ్చి కూర్చోబెట్టాను. రోజూ పొద్దున నా ఎదుటే మాత్ర వేసుకోవాలి. నోరు తెరవాలి. నాలుక ఎత్తాలి. నేను మొబైల్ లైటు వేసి చూసేదాన్ని. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దవాడు, గాలిని బట్టి నడి సముద్రంలో దారి చెప్పగలిగినవాడు, నా వంటింట్లో నోరు తెరుచుకుని నిలబడేవాడు.

అమ్మ అన్నతో పాటు ఉప్పు చేపల బుట్ట కూడా పంపింది. జబ్బు మనిషికి మా ఇంట్లో అదే పథ్యం. మూడు పూటలా నేనే వేయించి పెట్టాను. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు.

రెండో పరీక్ష. అంతే తక్కువ. మూడోది. మళ్లీ అంతే. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. మాత్రలు దాచేవాడు ఒకనాడు దాస్తాడు, ఒకనాడు మింగుతాడు, లెక్క ఒక్కలా రాదు. ఈ మాట నక్షత్రాల తరఫున ఎన్నిసార్లు చెప్పానో. అన్న తరఫున తట్టనే లేదు. తట్టకపోగా, కక్కేస్తున్నాడేమోనని స్నానాల గది తలుపుకి చెవి ఆనించి విన్నాను. సిగ్గులేని పని.

మూడో పరీక్ష ఫలితం చూపించడానికి వెళ్లిననాడు అమ్మ కూడా వచ్చింది. మందు పెంచుదామని డాక్టరు కలం తీశాడు. రాసేముందు, తిండి ఏం తింటున్నాడని అడిగాడు. అమ్మ గర్వంగా ముందుకొచ్చింది.

"నిరుడు ఎండలు మొదలైనప్పుడు ఉప్పు మానొద్దని మీరే సెప్పినారు కద బాబూ. అందికే మూడు పూటలా ఉప్పు సేపే ఎడతన్నాం. ఇంటికాడున్నప్పుడు గెంజిలోన కూడా గుప్పెడేసీదాన్ని."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఉప్పు బాగా తగ్గిస్తే లిథియం ఒంట్లో పేరుకుపోతుంది, అందుకే మానొద్దన్నాడట. మరీ ఎక్కువైతే మూత్రంలో కొట్టుకుపోతుంది. ఇప్పుడు మందు పెంచి, రేపు వానల్లో ఉప్పు చేప అయిపోతే, అదే మందు విషమయ్యేదని చాలా మామూలుగా చెప్పాడు. మెల్లగా అందరూ తినే తిండికి రమ్మన్నాడు.

"ఓలమ్మో, నా సేత్తో నానే..." అని అమ్మ అక్కడే నెత్తి కొట్టుకుంది. అంకులిలో వేయించి పెట్టింది నేనని నేను నోరు విప్పి చెప్పలేదు.

నెల తిరిగేసరికి లిథియం దారికొచ్చింది. పడవ ఎక్కొచ్చన్నారు. ఊరికి బయలుదేరే రోజు పొద్దున నేను టీ పెడుతుంటే, అన్న మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, నా దగ్గరికొచ్చి నోరు తెరిచాడు. నాలుక ఎత్తాడు.

"వద్దన్నా," అన్నాను. "తప్పు నాదేనని తేలిపోనాది కదా."

"అయితే ఏటి? సూసుకోమ్మా," అన్నాడు. "నీకు నిబ్బరంగుండాల కదా."

కోపంగా అని ఉంటే బాగుండేది. మళ్లీ నోరు తెరిచాడు. నేను చూసేదాకా మూయలేదు.