అరకు రోడ్డు మీద మా ఇంటి గుమ్మం

మా ముత్తాత జగన్నాథరావు గారు పాతపట్నం వైపు ఒక చిన్న జమీకి దివాను. మా తాత గోపీనాథరావు గారి ఎదురుగా ఊళ్లో ఎవరూ గొడుగు వేసుకుని నడిచేవారు కాదు. వాన పడుతున్నా గొడుగు ముడిచి, ఆయన దాటాక విప్పుకునేవారు. గొప్పకి చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

దెయ్యాల మాట మా ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. అది పనివాళ్లు పశువులశాల దగ్గర చెప్పుకునే మాట. నేను విజయనగరంలో అద్దె ఇంట్లో ఉంటూ, ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆధారం లేని మాట పిల్లలు జవాబు పత్రంలో రాస్తే కొట్టేస్తాను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి మాధవి ఇంటర్ చదువుతోంది. ఫోనులో జపాను బొమ్మల కథలు చదువుతుంది. వాటిని మాంగా అంటారట. అదేం చదువో చూద్దామని ఒక నింజాల కథ మొదలుపెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, వదల్లేకపోయాను.

అందులో ఇద్దరు పగవాళ్లు. ఇద్దరూ ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలతారు. ఒకడు కంటికి కనిపించినంత మేర ఎక్కడికైనా దూకగలడు. రెండోవాడు గుమ్మం పక్క చెక్కను అరచేత్తో తట్టి, తల వంచి లోపలికి అడుగు వేస్తాడు. ఇదివరకు తనదైన ఏ గుమ్మంలోంచైనా, అది ఏ దేశంలో ఉన్నా, బయటికి వస్తాడు. మాధవి వాళ్లకు చూపుగాడు, గుమ్మంగాడు అని పేర్లు పెట్టింది. ఎవడు గొప్ప అనేది మా ఇద్దరి మధ్య తెగని తగువు.

ఒక ఆదివారం నా బావమరిది రాంబాబు మమ్మల్ని తన కారులో అరకు తీసుకెళ్తానన్నాడు. నరసన్నపేటలో అతనిది స్టీలు సామాన్ల కొట్టు. నా భార్య రాలేదు. దారంతా మా వాదనే.

"రెప్ప వేసేలోపు వెనక నుంచి కొడతాడు నాన్నా చూపుగాడు. కొట్లాట మధ్యలో మీవాడు గుమ్మం ఎక్కడుందని వెతుక్కుంటాడా?" అంది మాధవి.

"చూపుగాడు కొండ దాటలేడు. మంచు పడితే కదల్లేడు. ఒకసారి తనదైన గుమ్మం ఎప్పటికీ తనదే. అందులో ఇప్పుడు ఎవరు కాపురం ఉన్నా సరే," అన్నాను.

రాంబాబు స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. "మా కొట్టుకి షట్టరే గానీ గుమ్మం లేదు. అయితే బావా, మీ వోడు నరసన్నపేట రాలేడన్నమాట. బతికిపోనాం!"

"గుమ్మంగాణ్ణి ఓడించడం ఎంతసేపు మావా? వాడు వచ్చిన గుమ్మంలోంచే వెనక్కి పోవాలి. గోడ పగలగొట్టి అందులోంచి ఈడ్చుకుపోతే మరి రాలేడు," అంది మాధవి.

గోడ అనేసరికి నాకు మా మామ్మ గుర్తుకొచ్చింది.

మామ్మ ధనిష్ఠా పంచకంలో పోయింది. అలాంటి నక్షత్రంలో పోయినవాళ్లను గుమ్మంలోంచి తీసుకెళ్లకూడదని, వెనక గోడకు కన్నం పెట్టి అందులోంచి తీసుకెళ్లాలని ఆచారం. లేకపోతే వాళ్లు తిరిగొస్తారట. పురోహితుడు అదే చెప్పాడు. మా నాన్నగారు ఒప్పుకోలేదు. "దివాను గారింటి కోడలు దొంగలాగ గోడ కన్నంలోంచి పోతుందా?" అన్నారు. సింహద్వారంలోంచే, మేళంతో సాగనంపారు. నేను అప్పటికి చిన్నవాణ్ణి. నాన్నగారి ఆ మాట తలుచుకుని చాలా ఏళ్లు గర్వపడ్డాను.

శృంగవరపుకోట దాటాక రోడ్డు పక్కన ఒక కొత్త హోటల్లో భోజనానికి ఆగాం. లోపల పచ్చికలో, ఫోటోలు దిగడానికని, ఒక పాత గుమ్మం నిలబెట్టారు. గోడ లేదు, తలుపుల్లేవు. ఉత్త ద్వారబంధం. చుట్టూ కుండీలు, అవతల ప్రహరీ.

దగ్గరికి వెళ్లగానే నా కాళ్లు ఆగిపోయాయి. పై చెక్క మీద జంట చేపలు. కుడివైపు కింద, దీపావళి ప్రమిద అంటుకుని కాలిన మచ్చ. అది మా సింహద్వారం. చివరి రోజుల్లో నాన్నగారు దాన్ని ఒక పాత కలప వ్యాపారికి ఇచ్చేశారు. ఎక్కడికి చేరిందో మాకు తెలియదు. పురిటి తర్వాత మాధవిని మొదటిసారి ఇంట్లోకి తెచ్చింది ఆ గుమ్మంలోంచే. అదే మాట పిల్లతో అన్నాను. అనకుండా ఉండవలసింది.

"అయితే ఇది నాది కూడా," అని మాధవి నవ్వింది. రాంబాబు ఫోను పైకెత్తాడు. మాధవి చెక్కను అరచేత్తో తట్టి, తల వంచి, లోపలికి అడుగు వేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. గుమ్మంలోంచి అవతలి ప్రహరీ కనిపిస్తూనే ఉంది. పిల్ల లేదు.

రాంబాబు ఇంకా ఫోనులోకే చూస్తూ, "ఇంకోసారి రామ్మా, సరిగ్గా పడలేదు," అన్నాడు. తర్వాత అతని ముఖం మారిపోయింది. గుమ్మం చుట్టూ తిరిగాడు. చేతులు కడుక్కునే చోటికి పరుగెత్తాడు, కార్ల దగ్గరికి పరుగెత్తాడు. నేను కదల్లేకపోయాను.

అప్పుడు నా ఫోను మోగింది. నీలమ్మ. పాతపట్నం దగ్గర మా ఊళ్లో, మా పాత మేడకు ఎదురిల్లు ఆమెది. మేడ పైకప్పు పడిపోయి గోడలు మిగిలాయి. సింహద్వారం ఊడదీసిన చోట ఉత్త కంత. ఆ స్థలం మీద ఆమె ఒక కన్నేసి ఉంచుతుంది. శృంగవరపుకోట నుంచి ఆ ఊరు కారులో మూడు గంటల పైమాటే.

"ఏటి బాబూ, వచ్చినోలు ఓ కబురైనా సెప్పొద్దా? నీ కూతురు గుమ్మంకాడ నిలబడిపోనాది. పిలిస్తే పలకదు."

"ఎవరి కూతురు?" అన్నాను.

"ఎవరేటి? మాధవి. పచ్చ సొక్కా ఏసుకున్నాది. ఎండకి మొకం కమిలిపోనాది. మంచినీల్లిచ్చినాను. సెయ్యట్టుకుని మా ఇంటికి తీసుకెల్లి ఇంత అన్నం ఎడతాను."

మాధవి వేసుకున్నది పచ్చ చొక్కాయే. ఆ తర్వాత నేనన్నది ఆలోచించి అన్నది కాదు. కారులో పిల్ల చెప్పిన నియమమే నోటికొచ్చింది.

"వద్దు నీలమ్మా! గుమ్మం దాటించి వీధిలోకి తీసుకురాకు. వచ్చిన దారినే లోపలికి వెళ్లమను."

"లోపలేటున్నాది బాబూ, పాములు తప్ప?"

"నీ కాళ్లు పట్టుకుంటాను. లోపలికి వెళ్లమను."

మా వంశంలో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. హోటల్లో జనం తినడం మానేసి చూశారు. ఫోనులో నీలమ్మ, "ఎల్లమ్మా, మీ నాన్న ఎల్లమంతన్నాడు," అనడం వినబడింది. ఫోను చెవికి గట్టిగా నొక్కిపెట్టుకున్నాను.

"ఎల్లిపోనారు బాబూ. ఇద్దరూ ఎల్లిపోనారు."

తలెత్తాను. మాధవి గుమ్మానికి ఇవతల, నా ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో సగం నీళ్లున్న స్టీలు గ్లాసు. ఒళ్లంతా చల్లగా ఉంది. ఏమైందంటే, మెట్టు తప్పినట్టు అయిందని మాత్రం చెప్పింది. గ్లాసు ఎక్కడిదో తెలియదంది. గ్లాసు అంచు కింద నీలమ్మ పేరు చుక్కలతో కొట్టి ఉంది.

రాంబాబు కొట్లో అలా పేర్లు కొడతారు కాబట్టి మొదట అతన్నే అనుమానించాను. కానీ అతను కారు తాళం తిప్పలేక స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఫోనులోని వీడియో చూశాం. పిల్ల తల వంచడం ఉంది, తర్వాత ఖాళీ గుమ్మం ఉంది. అతను దాన్ని తుడిపేశాడు. నేను అడ్డుచెప్పలేదు.

అరకు వెళ్లలేదు. ఇంటికి వచ్చాక గానీ నీలమ్మ అన్న 'ఇద్దరూ' అనే మాట నాకు తట్టలేదు. ఫోను చేశాను.

"ఇద్దరే కదా బాబూ. పాపా, ఆ ముసలామాను. తెల్లకోక, నెత్తిమీద కొంగు. మీ సుట్టమే అనుకున్నాను. పాప జబ్బ అట్టుకుని ఒగ్గితే కదా! నీల్లు ఇద్దరికీ ఇచ్చినాను. ఒక గ్లాసు పాప పట్టుకెల్లిపోనాది, ఒకటి ఆ యమ్మ పట్టుకెల్లిపోనాది. రెండూ పంపించు, మా కోడలు నన్ను తిడతన్నాది."

నీలమ్మ ఆ ఊరికి కోడలిగా వచ్చేసరికి మా మామ్మ పోయి చాలా కాలం. ఆమె మామ్మను ఎన్నడూ చూడలేదు. మామ్మ ఫోటో కూడా మా దగ్గర లేదు.

మాధవి మోచేతి పైన వేళ్లు నొక్కుకున్న ఎర్రటి గుర్తులు ఆ రాత్రంతా ఉన్నాయి. తను ఒక్కతే నిలబడ్డానని ఇప్పటికీ అంటుంది. ఆ కథ చదవడం మానేసింది, నేనూ మానేశాను. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలన్నా, పిల్ల చెక్కకు చెయ్యి తగలకుండా ఒదిగి వెళుతుంది.

నీలమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. నా కళ్లు నన్ను మోసం చేశాయనుకుందామంటే గ్లాసు ఉంది. రెండో గ్లాసు ఎక్కడుందో నాకు తెలియదు. లోపలికి వెళ్లిన ఇద్దరిలో ఒకరే ఇవతలికి వచ్చారు. రెండో మనిషి పిల్లను తీసుకెళ్లడానికి జబ్బ పట్టుకుందో, వీధిలోకి పోకుండా ఆపడానికి పట్టుకుందో, అదీ తెలియదు. హోటల్ పచ్చికలో ఆ గుమ్మం అలాగే ఉంది. జనం ఫోటోలు దిగుతున్నారు.

దివాను గారి మేడ స్థలం ఎవరడిగినా ఇన్నాళ్లూ అమ్మనన్నాను. పోయిన నెల గోడలు, పెరడు, నూతితో సహా పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయనకు రిజిస్ట్రీ చేసి ఇచ్చేశాను.