ఆవకాయకి వదిలిన చోటు

అక్టోబరు రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలకు సరిహద్దు పోస్టు చేరాం. పధ్నాలుగు వేల అడుగుల ఎత్తు. రాతిగోడల బంకర్ ఒకటి, ఆరుగురం. నవంబరులో దారి మూసుకుంటుందని, మే దాకా లోపల ఉన్నదే తిండని హవల్దార్ చెప్పాడు. బియ్యం, కందిపప్పు, పిండి, పాలపొడి, ఎండబెట్టిన ఉల్లిపాయ ముక్కలు. పాతవి ముందు, కొత్తవి వెనక పేర్చాం.

నా కిట్‌లో ఇంకోటి ఉంది. స్టీలు డబ్బాలో ఐదు కిలోల ఆవకాయ. దానికోసం ఒక స్వెట్టర్ అమీర్‌పేటలో ఇంట్లోనే వదిలేశాను. మా సొంతూరు గుంటూరు వైపు. బయల్దేరేటప్పుడు అమ్మ చెప్పింది ఒక్కటే. "తడి చెయ్యి మాత్రం పెట్టకు నాన్నా. నువ్వు తిరిగొచ్చేదాకా ఉంటుంది."

మా వంటవాడిది సనత్‌నగర్. కిరోసిన్ స్టవ్ మీద కుక్కర్ పెట్టినా, ఆ ఎత్తులో పప్పు ఓ పట్టాన ఉడికేది కాదు. రోజూ అదే పప్పు, అదే అన్నం. గడ్డకట్టిన ఆవకాయని స్టవ్ పక్కన మెత్తబరిచి, పొడి చెంచాతో ఆరు పళ్ళేల అంచున ఆరు ముక్కలు వేసేవాణ్ణి. పంజాబీ రేడియో ఆపరేటర్ మొదటిరోజు మంటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండోరోజు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు.

జనవరి. ఉదయం పది. బంకర్ కప్పు మీద మంచు తోడుతుంటే ఆపరేటర్ లోపలికి పిలిచాడు. చేతిలో కాగితం చూస్తూ హిందీలో చెప్పాడు. "మీ అమ్మగారు నిన్న పొద్దున పోయారు. గుండెపోటు. మంచు తగ్గేదాకా హెలికాప్టర్ రాదు."

చేతి తొడుగులు తీశాను. డబ్బా స్టవ్ పక్కనే ఉంది. మూత తీసి, చెయ్యి పెట్టి, అన్నం లేకుండా ఉత్త ఆవకాయే తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. తర్వాత మూత బిగించి, గుడ్డకట్టి, నా పెట్టె అడుక్కి తోశాను. సగం మిగిలింది. ఇంట్లో జాడీ ఖాళీ అయిందని, నాకే ఎక్కువ పెట్టానని చివరి ఫోనులో అమ్మే చెప్పింది. అమ్మ చేతిది ఇక లోకంలో అంతే.

సాయంత్రం వంటవాడు పక్కన కూర్చున్నాడు. "అన్నా, అమ్మ పెట్టింది తినేటందుకే గదా. దాసుకుంటే ఏమొస్తది?"

నాన్నకి తీసుకెళ్ళాలన్నాను.

"గట్లయితే మంచిదే. ఎవ్వలడుగరు, ఫికర్ చెయ్యకు."

నిజంగానే నాలుగు నెలలపాటు ఎవరూ అడగలేదు.

మే చివర్లో అమీర్‌పేట చేరాను. రోళ్ళు పగిలే ఎండలు. నాన్న ఆ డబ్బాని రెండు చేతులతో అందుకుని దేవుడి గదిలో పెట్టారు. పై ఆదివారం అక్క వస్తుంది, ముగ్గురం కలిసి తిందామన్నారు. అప్పటికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

ఆదివారం వేడన్నం, కాచిన నెయ్యి పెట్టుకుని కూర్చున్నాం. మూత తీశాను. పైనంతా తెల్లటి బూజు. అక్క దాన్ని పక్కకి తోసి లోపలినుంచి తీయబోయింది. అడుగుదాకా అంతే.

"తడి తగిలిందిరా" అన్నారు నాన్న. ఎవరి చెయ్యని అడగలేదు. ఆ జనవరి ఉదయం మంచు కరిగి నా తొడుగులు లోపలిదాకా తడిసి ఉన్నాయి. ఆ తడి చెయ్యి నాదే. పైన ఉన్నన్నాళ్ళూ చలి దాన్ని కాపాడింది. నాన్న అన్నంలో నెయ్యి మాత్రమే కలుపుకుని తినేసి లేచారు.

సైన్యం వదిలి, ఇప్పుడు పంజాగుట్టలో ఒక ఆఫీసు భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. కాల్పులు చూశావా అని మీలాంటివాళ్ళు అడుగుతుంటారు. చూశాను. మరిచిపోయాను కూడా. మరుపురానిది ఒక్కటే. నేను డబ్బా దాచేశాక కూడా, వంటవాడు రోజూ పప్పన్నం వడ్డించేవాడు. ఆ ఐదుగురూ పళ్ళెం అంచున ఆవకాయ ముక్క పట్టేంత చోటు వదిలి, అన్నం ఇవతలికి లాక్కుని తినేవాళ్ళు. ఏ రోజూ నా పెట్టె వైపు చూడలేదు. అప్పటికి ఆవకాయ ఇంకా బాగానే ఉంది.