ఇస్త్రీ వదిన నోరు మూసుకున్న రోజు

రాష్ట్రంలో గాలి ఎటు వీస్తోందో పత్రికల కంటే ముందు ఇస్త్రీ వదినకే తెలుస్తుందని ఆ వీధిలో ఒక మాట ఉంది. అందులో కొంత గోరంతలు కొండంతలు చేయడం ఉన్నా, నిజం కూడా బాగానే ఉంది. ఎవరింట్లో తెల్లచొక్కాలు ఉన్నట్టుండి పెరిగాయో, ఎవరు మూడేళ్ళుగా బీరువాలో పడేసినవాటిని మళ్ళీ బయటికి తీశారో ఆమె చేతికిందే కదా తేలాలి.

వదినకి యాభై దాటాయి. ముప్పై ఏళ్ళుగా వీధి మూలన నాలుగు చక్రాల బండి, బొగ్గుల పెట్టె ఆమె లోకం. చేయి ఆడినంతసేపూ నోరూ ఆడుతుంది. వీధి చివర ఉండే లెక్కల మాస్టారు ఉద్యోగం నుంచి దిగిపోయాక రోజూ ఒక్కటంటే ఒక్క చొక్కా పట్టుకుని వచ్చి, గంటసేపు నిలబడి ఆమె మాటలు వినిపోతాడు. ఇస్త్రీ ఒక వంక.

"రాజధానిలో ఆరు వరసల రోడ్డు వేశారంట మాస్టారూ. సంతోషం. ఆ రోడ్డెక్కేదాకా మా సందులో గుంటలు దాటించే నాథుడెవరో అది కూడా చెప్తే బావుణ్ణు" అంటుంది చొక్కా కాలరు మీద పెట్టె ఆనిస్తూ.

పార్టీలు మారేవాళ్ళ సంగతి ఎత్తితే, "గోడ దూకినవాణ్ణి తిట్టి ఏం లాభం? దూకగానే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళని అనాలి" అంటుంది. ముఖ్యమంత్రినీ వదలదు, ప్రతిపక్షాన్నీ వదలదు. ఇంతకీ నీది ఏ పార్టీ అని ఎవరైనా అడిగితే, "ఓటు వేసేదాకా ఒక పార్టీ, వేశాక ఇంకో పార్టీ. గెలిచినవాణ్ణి అడగడానికి ఎవరో ఒకరు ఉండాలిగా" అని తేల్చేస్తుంది. నేను విన్నంతలో ఇంతకంటే తెలివైన రాజకీయం ఎవరూ చెప్పలేదు.

వీధికంతటికీ ఆమె వదినైతే ఆమె భర్త అన్న. ఆయనకి అభిప్రాయాలు లేవని జనం నమ్మకం. వదిన ఇస్త్రీ చేసిన బట్టలు మడతలు పెట్టి, మూట కట్టి, ఇళ్ళకి చేర్చడం ఆయన పని. వదిన ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. ఆ ఊఁకి అవునని అర్థమో, విన్నానని అర్థమో, ఇక చాలని అర్థమో ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకే తేలలేదు.

ఇద్దరికీ కలిపి ఒక నియమం ఉంది. ఇస్త్రీకి వచ్చిన చొక్కా జేబులో ఏది దొరికినా, చీటీ అయినా బస్సు టిక్కెట్టయినా, తీసి పక్కన పెట్టి, ఇస్త్రీ అయ్యాక మళ్ళీ అదే జేబులో పెట్టి పంపాలి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఒకరిది ఒకరికి వెళ్ళలేదు. వదినకి దాని మీద ఉన్న గర్వం అంతా ఇంతా కాదు.

ఇక వీధి సంగతి. వీధిని రెండు ముక్కలు చేస్తూ మధ్యలో పెద్ద మురుగుకాలువ ఉంది. దాని మీద ఉండే చిన్న వంతెన మూడేళ్ళ కిందట వానలకి కూలిపోయింది. వదినకి బట్టలిచ్చే ఇళ్ళలో సగం ఆవలి గట్టున ఉన్నాయి. చేయి చాపితే అందేంత దూరం, నడిస్తే పెద్దరోడ్డు చుట్టూ తిరిగి అరగంట. అన్న మోకాలు ఎప్పట్నుంచో సలుపుతోంది. నిరుడు వానాకాలం మూటతో సహా పెద్దరోడ్డు పక్కన జారిపడి రెండు వారాలు మంచం దిగలేదు. ఈ ఏడూ వంతెన రాకపోతే ఆవలి గట్టు ఇళ్ళు వదులుకోవడమేనని వదిన నిశ్చయించుకుంది. ఆ ఇళ్ళలో పిల్లల బడి చొక్కాలు ఇస్త్రీ చేసి, వాళ్ళ పెళ్ళిబట్టలూ ఇస్త్రీ చేసి, ఇప్పుడు వాళ్ళ పిల్లల బడి చొక్కాలు చేస్తోంది. వాటిని వదలడమంటే ఆమెకి ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది.

వంతెన ఎందుకు రాలేదంటే ఇద్దరు పెద్దమనుషుల వల్ల. ఒకాయన అధికార పార్టీ వార్డు నాయకుడు. తన పేరు చెక్కిన రాయి లేకుండా కుళాయి కూడా ప్రారంభించడు కాబట్టి వదిన ఆయనకి ఫలకం అని పేరు పెట్టింది. రెండో ఆయన ప్రతిపక్షం. చేతికి మైకు ఇస్తే తిరిగి ఇవ్వడు కాబట్టి ఆయన మైకు. వంతెన కావాలని ఫలకం అంటే డబ్బు దండగని మైకు అంటాడు. మరుసటి ఏడాది మైకు కావాలంటే ఫలకం అక్కర్లేదంటాడు. ఇద్దరూ సంతకం పెడితేనే కాగితం పైకి కదులుతుంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే మనుషులు కూడా వీళ్ళకంటే నయం.

ఆ ఏటి ఆఖరి వార్డు సమావేశం రోజు మధ్యాహ్నం ఇద్దరి చొక్కాలూ బండి దగ్గరికి వచ్చాయి. పొద్దున్న పార్టీ ఆఫీసుల్లో ఉపన్యాసం వల్లె వేసి నలిపేసుకున్న చొక్కాలు, సాయంత్రానికి మళ్ళీ నిలబడాలి. రెండు జేబుల్లోనూ టైపు కొట్టిన కాగితాలు. వదిన వాటిని తీసి బరువు కింద పెట్టింది. చదవకూడదు. కానీ కళ్ళు మూసుకుని ఇస్త్రీ చేస్తే చొక్కా కాలుతుందిగా.

"విన్నావా? ఈసారి ఫలకం వంతెన కావాలంటున్నాడు" అంది భర్తతో. "కన్నతల్లి లాంటి వీధి, తోబుట్టువుల్లాంటి రెండు గట్లు అని ఎంత బాగా రాయించుకున్నాడో. అంటే మైకు వద్దంటాడన్నమాట. ఇదిగో చూడు, కాలువ మీద కాసులు పోయడమా అని రాసుకున్నాడు. అయిపోయింది. ఈ ఏడాదికీ అంతే."

"ఊఁ" అన్నాడు అన్న.

"ఏంటి ఊఁ? రేపట్నుంచి ఆవలి గట్టుకి నువ్వు వెళ్ళనక్కర్లేదు. నేనే వెళ్ళి వాళ్ళకి చెప్పొస్తాను, ఇంకెవరినైనా చూసుకోండమ్మా అని."

ఆ మాట అని వదిన పెట్టె కింద పెట్టింది. బొగ్గులకి విసనకర్ర విసరాలన్న వంకతో అటు తిరిగింది. అన్న చొక్కాలు మడతపెట్టి, కాగితాలు జేబుల్లో పెట్టి, మూట ఎత్తుకుని వెళ్ళాడు.

సమావేశం బడి హాల్లో. మున్సిపాలిటీ ఇంజనీరు మధ్యలో కూర్చున్నాడు, చెరోవైపు ఇద్దరు నాయకులు. జనంలో వెనక వరసలో వదిన, అన్న, మాస్టారు. ముందుగా మైకు లేచాడు. ఆయనకి ఉపన్యాసం రాసిచ్చేది అల్లుడు. పొద్దున్న ఒకసారి గొంతెత్తి చదివేశాడు, అర్థం పట్టించుకునే అలవాటు ఆయనకి మొదట్నుంచీ లేదు. కాగితం విప్పి మొదలుపెట్టాడు.

"కన్నతల్లి లాంటి ఈ వీధిని చూసి నా గుండె తరుక్కుపోతోంది. తోబుట్టువుల్లాంటి రెండు గట్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఏడుస్తున్నాయి. ఈ కాలువ మీద వంతెన పడేదాకా నాకు నిద్ర లేదు."

హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత చప్పట్లతో మోగిపోయింది. మైకు ముఖంలో ఏదో అనుమానం మెదిలింది. కానీ చప్పట్లు వినపడ్డాక ఆగడం ఆయన జాతకంలో రాసి లేదు. గొంతు ఇంకాస్త పెంచి ఆఖరి వాక్యం దాకా లాగించాడు. పక్కన ఫలకం నోరు తెరుచుకుని తన మాటలే వింటున్నాడు. ఆయన వంతు వచ్చింది. జేబులో కాగితం తీసి మొదటి వాక్యం చూశాడు, గబుక్కున మడిచేశాడు. పొద్దున్న ఆఫీసులో ఆయన ఉపన్యాసం విన్న పాతికమంది ఎదురుగా కూర్చుని ఉన్నారు. తన మాటని తానే ఎలా కాదంటాడు?

"పెద్దాయన అన్నదే నా మాట కూడా" అని కూర్చున్నాడు. ఇంజనీరు కాగితం జరిపితే ఇద్దరూ సంతకం పెట్టారు.

మాస్టారు ఆనందం పట్టలేక వదిన వైపు తిరిగాడు. వదిన మాత్రం కర్రలా బిగుసుకుపోయి ఉంది. జరిగింది ఏమిటో ఆ హాల్లో ముందుగా అర్థమైంది ఆమెకే. వంతెన వచ్చింది, ముప్పై ఏళ్ళ పేరు పోయింది. ఒకరి జేబులోది ఒకరికి పంపే ఇస్త్రీ మనిషికి రేపట్నుంచి బట్టలెవరిస్తారు?

మర్నాడు పొద్దున్నే మైకు బండి దగ్గరికి వచ్చాడు. వదిన పెట్టె కింద పెట్టి చేతులు జోడించబోయింది.

"అన్నయ్యగారూ, నిన్న కాగితం..."

"ఏ కాగితం?" అన్నాడు మైకు అటూ ఇటూ చూసి. "నేను కాగితం చూసి మాట్లాడే మనిషినా చెల్లెమ్మా? అది నా గుండెల్లోంచి వచ్చింది. పొద్దున్నుంచి ఇరవైమంది మా ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నారు. నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. సరేనా?"

ఆయన వెళ్ళిన పావుగంటకి ఫలకం. ఆయన బాధ వేరు. సొంత ఉపన్యాసాన్ని అవతలి పార్టీవాడికి చేజార్చుకున్నాడని పైవాళ్ళకి తెలిస్తే ఆయన పని ఆఖరు. "ఏదో జరిగిపోయింది, వంతెన రాయి మీద పేర్లు ఇద్దరివీ వేయిస్తాంలే. నీ నోరు సంగతి నాకు తెలుసమ్మా, ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకో" అన్నాడు. వదిన తల ఊపింది. ముఖ్యమంత్రి వచ్చి బతిమాలినా నోరు కట్టేసుకోని మనిషి, అర్ధగంటలో రెండు పార్టీలకీ మాట ఇచ్చేసింది.

ఇద్దరూ కనుమరుగయ్యాక భర్త మీద విరుచుకుపడింది.

"నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావయ్యా? ముప్పై ఏళ్ళలో ఒక్క బస్సు టిక్కెట్టు అటుది ఇటు పోలేదు. సమయానికి దేవుడే కాపాడాడు గానీ, లేకపోతే మన గతేంటి?"

"నాకు చదువొచ్చుగా" అన్నాడు అన్న, చొక్కా మడతపెడుతూ.

వదినకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక పెట్టె పట్టుకున్న చేయి ఆగిపోయింది.

"కావాలనే మార్చావా?"

"ఊఁ."

"నిన్ను చంపాలి. నీ మోకాలి కోసం నా పేరు పణంగా పెడతావా?"

అన్న మడత పూర్తిచేసి, దాన్ని దొంతర మీద పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

"మోకాలు కాదే. నిరుడు నేను పడుకున్న రెండు వారాలూ ఆ చుట్టు తిరుగుడు మూటలు మోసింది నువ్వు. అప్పట్నుంచి నీ కుడిచేయి భుజం పైకి లేవడం లేదు. తల దువ్వుకునేటప్పుడు ఎడంచేత్తో దువ్వుకుంటున్నావు. నాకు కనపడదనుకున్నావు."

అది ఆయన ముప్పై ఏళ్ళలో మాట్లాడిన అతిపెద్ద ఉపన్యాసం. వదిన కళ్ళు తుడుచుకుంది, అది కూడా ఎడంచేత్తోనే. సరిగ్గా అప్పుడే మాస్టారు చొక్కా పట్టుకుని వచ్చి, "ఏం వదినా, నిన్నటి సభ మీద మీ అభిప్రాయం?" అని అడిగి, చెవి అటు పెట్టి నిలబడ్డాడు.

వదిన పెట్టె ఎత్తింది, దింపింది. భర్త వైపు చూసింది.

"ఇవాళ ఆయన్ని అడగండి మాస్టారూ" అంది.