మామ అతికించిన పడవ

మొన్న చిక్కబళ్ళాపురలో మా మిద్దె మీది నీళ్ల తొట్టి కారుతుంటే అతికించడానికి ఒకాయన వచ్చాడు. డబ్బాలో రెజిన్ జిగురు కలపగానే ఆ ఘాటు వాసన మెట్ల మీదుగా వంటింట్లోకి దిగింది. మా ఆవిడ విసుక్కుంటూ కిటికీలన్నీ తెరిచింది. నేను మాత్రం పైకెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను. నాకు ఆ వాసనంటే మా మేనమామే.

మామది చింతామణి దగ్గర పల్లె. ఫైబర్ తొట్లు అతికించడం ఆయన పని. తొట్టిలోకి దిగి, పగులు మీద గుడ్డలాంటి ఫైబర్ మ్యాట్ పరిచి, రెజిన్ పూసి, ఎండాక నిండా నీళ్లు నింపేవాడు. తర్వాత పొడిగుడ్డతో బయటంతా తుడుస్తూ చుట్టూ తిరిగేవాడు. గుడ్డ తడవకపోతేనే పని అయినట్టు. బాగేపల్లి నుంచి కూడా పిలుపులొచ్చేవి. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం పడిపోయింది. కోలుకున్నాక అతికించిన మొదటి తొట్టే కారింది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు కానీ, మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆయన్ను కుంగదీసింది అదే.

ఆ రోజుల్లోనే చింతామణిలో పాత సామాన్లు కొనే గుజరీ అంగడిలో ఆయనకు ఒక ఫైబర్ మోటారు పడవ కంటబడింది. ఏదో పార్కులో తిరిగి తిరిగి అడుగు పగిలిన పడవ. చెరువు నిండడమే అపురూపమైన మా పక్క, పడవ తెచ్చి ఇంటిముందు దించుకున్న మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

"తొట్టి తెస్తే నీళ్లన్నా పట్టుకుంటాము. దీన్నేం చేస్తావప్పా?" అంది అత్త.

"ఈ చెయ్యి పనికొస్తాదో లేదో తెలుసుకోవల్ల" అన్నాడు మామ.

మర్నాటి నుంచి మ్యాట్ కత్తిరించి అందించే పని అత్తదే అయింది. మామ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని బ్రష్ నడిపించేవాడు. ఆదివారాలు నేను వెళ్లి అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. అంత ఓపిక మరే మనిషిలోనూ చూడలేదు. నెల తర్వాత, అలవాటు ప్రకారం, పడవను రాళ్ల మీద నిలబెట్టి నిండా నీళ్లు పోసి, పొడిగుడ్డతో అడుగంతా తుడిచాడు. గుడ్డ తడవలేదు. మోటారును బైకు మెకానిక్ ఒకాయన ఒక్కరోజులో పలికించాడు. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు కూడా నిండింది.

పడవ దించే రోజు ఊరంతా కట్ట మీదే ఉంది. మామా నేనూ ఎక్కాం. పది బారలు పోయామో లేదో నా కాళ్ల కింద తడి. అతుకు అంచు లేచి నీళ్లు ఊరుతున్నాయి. నేను చెంబుతో తోడుతుండగా ఎలాగో ఒడ్డుకు చేరాం. కట్ట మీద కొందరు నవ్వారు. మామ మొహం చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయన మాత్రం వంగి, ఊడిన అతుకును వేలితో చాలాసేపు తడిమాడు.

"తప్పు చేతిది కాదురా, బుర్రది. ఇన్నేండ్లూ నీళ్లు లోపలుండే తొట్లే అతికిస్తి. లోపల మెత్తితే ఆ నీళ్లే అతుకును అదిమిపెడ్తాయి. దీనికి నీళ్లు బయటుండాయి. బయట్నుంచి తోస్తాంటే ఊడిరాదా?"

పడవను బోర్లించి, ఈసారి బయటి నుంచి, పనంతా మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి దించినప్పుడు ముందు ఎక్కింది అత్త. చెరువు నడుమ దాకా వెళ్లొచ్చి, దిగేముందు పొడిగుడ్డతో పడవ లోపలి అడుగంతా తుడిచి, తడవని ఆ గుడ్డను కట్ట మీదివాళ్లకు ఎత్తి చూపించింది. ఆ వారంలోనే బాగేపల్లి నుంచి తొట్టి అతికించమని పిలుపొచ్చింది. ఆ పిలుపు విని మామ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మా తొట్టి పని అయిన మర్నాడు బస్సెక్కి మామ ఊరెళ్లాను. మామ పోయి చాలా ఏళ్లయింది. చెరువు ఎండి తుమ్మచెట్లు మొలిచాయి. వాటి మధ్య, రెండు రాళ్ల మీద, పడవ అలాగే ఉంది. దాంట్లో నిలిచిన వాననీళ్లను మేకలు తాగుతున్నాయి. వంగి, జేబురుమాలుతో అడుగు తుడిచాను. తడవలేదు. మామనూ చెరువు నీళ్లనూ తీసుకుపోయిన కాలానికి ఆ అతుకు మాత్రం ఇంకా ఊడిరాలేదు.