పార్వతీపురం ఓడాలని రెండు రోజుల ఉపవాసం

అడిగినవాటికంటే అడగనివాటిలోనే నాకు ఎక్కువ మేలు చేసిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో నేను అరకులో డిగ్రీ చదివేటప్పుడు, ఏం చేయాలో నేను చెబితే దేవుడు అది చేసిపెడతాడని గట్టిగా నమ్మేవాణ్ణి. నాన్న పాస్టరు కావడంతో ఆ నమ్మకానికి కాస్త అధికారం కూడా తోడైంది. (కాలేజీలో నన్ను ‘బోధకుడు’ అనేవారు. అది పొగడ్త అని చాలాకాలం అనుకున్నాను.)

ఫుట్‌బాల్ జట్టుకు నేనే కెప్టెన్ని. ఆ ఏడాది కాలేజీల పోటీల్లో చివరి రోజుకు వచ్చేసరికి పార్వతీపురం జట్టు మాకంటే ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి ఆటలు రెండూ మా మైదానంలోనే. పొద్దున వాళ్లు సీలేరు జట్టుతో, మధ్యాహ్నం మేము పెదబయలు జట్టుతో ఆడాలి. వాళ్లు ఓడి మేము గెలిస్తే మా కాలేజీకి మొట్టమొదటి కప్పు వస్తుంది. (ప్రిన్సిపాల్ గదిలో కప్పుల కోసం చేయించిన అద్దాల బీరువాలో సుద్దముక్కల పెట్టెలుండేవి.) పెదబయలు వాళ్లు అంతవరకూ ఒక్క ఆటా గెలవలేదు, పార్వతీపురం వాళ్లు ఒక్కటీ ఓడలేదు. అందుకని మా దిగులంతా పార్వతీపురం గురించే.

పెద్ద అక్కర వస్తే ఉపవాస ప్రార్థన పెట్టుకోవడం మా సంఘంలో ఆనవాయితీ. జట్టుకూ అదే పెట్టాను. రెండు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. మా గోల్‌కీపర్ని ‘గోడ’ అనేవాళ్లం. వాళ్లింట్లో కొండదేవతను కొలుస్తారు.

“మీ దేవుడి కోసం నా కడుపు మాడ్సుకోడమేటి?” అన్నాడు.

“కప్పు కోసంరా.”

“అలగైతే ఉంటాను. నీళ్లలో కూసింత పంచదార ఏసుకోవచ్చా?”

లేఖనాలన్నీ మనసులో తిరగేసి, వద్దన్నాను.

ఆట రోజు పొద్దున పి.డి. మాస్టారు మాకోసం బకెట్టెడు చోడంబలి, అంటే రాగిజావ, తెచ్చారు. ఎవరూ దాని దగ్గరకు పోలేదు.

“ఏట్రా, మీ మొకాలు అలాగ పీక్కుపోనాయి?”

“ఉపాసం సార్. పార్వతీపురపోళ్లు ఓడిపోవాలని,” అన్నాడు గోడ.

“మరి మనం గెలవాలని ఎవుడున్నాడ్రా?”

ఆ విన్నపం మాలో ఎవరమూ పెట్టలేదు.

దేవుడు మాత్రం మా మాట అక్షరాలా విన్నాడు. పార్వతీపురం ఆఖరి నిమిషంలో ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. హల్లెలూయా అంటూ మేం గెంతిన గెంతులతోనే ఒంట్లో మిగిలిన బలం కాస్తా అయిపోయింది. మధ్యాహ్నం నాకు బంతులు రెండు కనబడ్డాయి. నేను తన్నింది ప్రతిసారీ లేని బంతినే. గోడ గోలు స్తంభానికి చేరబడి నిలబడ్డాడు. మూడు గోల్సు అతనికి ఇబ్బంది కలిగించకుండా పక్కనుంచి వెళ్లాయి. కప్పు పార్వతీపురానికే పోయింది.

గడ్డిలో తల పట్టుకుని కూర్చుంటే, వాళ్ల కెప్టెన్ తిరుగు ప్రయాణానికి తెచ్చుకున్న పులిహోర పొట్లాలు పట్టుకుని వచ్చాడు. “మమ్మల్ని ఓడగొట్టడానికి రెండ్రోజులు పస్తున్నారంట గదా బావా, మీ మాస్టారు సెప్పినారు. ఓడిపోనాం. మీ మొక్కు తీరిపోనాది. ఇంక తినండి.”

పగవాడు ఆకలితో ఉంటే అన్నం పెట్టాలని సండేస్కూల్లో పిల్లలకు నేర్పేది నేను. పెట్టిందేమో చర్చి గుమ్మం ఎక్కనివాడు. గోడ అప్పటికే రెండో పొట్లం విప్పుతున్నాడు. నేను కళ్లు మూసుకుని, అన్నం పెట్టినవాణ్ణి దీవించమని అడగబోయి ఆగిపోయాను. రెండు రోజులు వాళ్ల ఓటమి కోసం మోకరించాను గానీ, వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. కళ్లు తెరిచి పేరడిగి, మళ్లీ మొదలుపెట్టాను.

ఆ పేరు ఈనాటికీ నా ప్రార్థనలో ఉంది. లేఖనాలన్నీ తెలిసి, పంచదార కూడా వద్దన్న ఆ కుర్ర బోధకుణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మీరూ నాతో ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. మీ ఎదుటి జట్టులో ఉన్నవాళ్లలో ఒకరిని పేరుపెట్టి దేవునికి అప్పగించండి. వాళ్లు ఓడాలని మాత్రం అడగకండి. ఆయన వింటాడు.