బక్కయ్య మళ్లీ ఒప్పుకున్నాడు

దర్జీ బక్కయ్యకు ఒకే ఒక్క రోగం. ఎక్కడ ఏ తప్పు జరిగినా దాన్ని తన నెత్తిన వేసుకుంటే తప్ప ఆయనకు తిన్నది అరిగేది కాదు. లోకంలో అందరూ చేసి కూడా "నేను కాదు" అంటారు. బక్కయ్య ఏమీ చేయకుండానే "తప్పు నాదే" అనేవాడు. అలాంటి మనిషి దర్జీగా ఉండిపోతే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఎమ్మెల్యే అయ్యాడు. ఎదుటి పక్షం వాళ్లు సర్కారును తిడుతుంటే సర్కారు బెంచీల్లోంచి లేచి "నిజమే, తప్పు మాదే" అని మంత్రులకు చెమటలు పట్టించాడు. పార్టీ వాళ్లు రెండోసారి టికెట్టు ఇవ్వలేదంటే వాళ్లనూ ఏమీ అనలేం. కాకపోతే ఆ ఒక్కసారైనా ఎలా గెలిచాడా అన్నదే అసలు సంగతి. అది తెలిసిన మనిషి, ఆయన వెంట తిరిగిన ఆశీర్వాదం సారు. ఆ ఎన్నికలకు ముందు ఆయన తల మీద జుట్టు ఒత్తుగా ఉండేదని చూసినవాళ్లు చెబుతారు.

మెదక్‌లో చర్చికి పోయే తోవలో బక్కయ్య దుకాణం. పేరుకు బక్కయ్యే గానీ మనిషి దిట్టం. దవాఖాన కంపౌండరు రిచర్డ్ ఒక క్రిస్మస్‌కు ఆయన దగ్గర కోటు కుట్టించుకున్నాడు. మరుసటి క్రిస్మస్‌కు అది పొట్ట మీద పట్టలేదు.

"ఏంది బక్కయ్యా, గుండీ పడుతలేదు!"

"తప్పు నాదే బాబూ. ఏడాదిల మనిషి పెరుగుతడని ఎరికుండి గూడ మామూలు కొలత పెట్టిన."

ఏడాది పొడుగునా తాను తిన్న తిండికి బక్కయ్యే బాధ్యుడని నమ్ముతూ రిచర్డ్ సంతోషంగా ఇంటికి పోయాడు.

ఇంకోసారి బజార్లో రెండు ఎడ్లబండ్లు గుద్దుకున్నాయి. బండివాళ్లిద్దరూ ములుగర్రలు ఎత్తారు. బక్కయ్య దుకాణంలోంచి దిగి మధ్యలో నిలబడ్డాడు. "తప్పు నాదే. నేను గీడ కూసొని రంగురంగుల బట్టలు ఆరేసిన. ఎడ్లు బెదిరినయి." బండివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి బక్కయ్యను అరగంట తిట్టారు. తిట్టీ తిట్టీ అలిసిపోయి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని చాయ్ తాగడానికి పోయారు.

భార్య ఆగమ్మకు ఇది చూసి చూసి విసుగొచ్చేది. "వానలు పడుతలేవు. అది గూడ నీ తప్పేనా?"

"ఏమో ఆగమ్మా. మొన్న కుట్టిన అంగీలు తడుస్తయేమోనని, జర ఆగి పడితె బాగుండనుకున్న."

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నలభై ఏడు ఆగస్టు వచ్చేసరికి నవ్వడం తగ్గిపోయింది. దేశమంతా జెండాలు ఎగురుతుంటే నిజాం రాజ్యంలో జెండా కట్టినవాణ్ని లోపల వేస్తున్నారు. ఒక పొద్దున మెదక్ ఖిల్లా మీద మూడు రంగుల జెండా కనబడింది. పోలీసులు దాన్ని లాగి కిందేశారు. ఠాణా పెద్ద అమీన్ సాబ్ దాన్ని తెచ్చి బక్కయ్య బల్ల మీద పరిచాడు. ఆయన ఉద్దేశం బక్కయ్యను పట్టుకోవడం కాదు. ఈ ఊళ్లో ఏ కుట్టు ఎవరిదో చెప్పగలిగిన మనిషి బక్కయ్యే కాబట్టి సాక్ష్యం అడగడానికి వచ్చాడు.

"గిది ఎవని చేతి కుట్టో చూసి చెప్పు."

బక్కయ్య జెండాను తిరగేసి చూశాడు. అంచు మడత మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు.

"తప్పు నాదే అమీన్ సాబ్. నేనే కుట్టిన."

సాక్షిగా రమ్మంటే ముద్దాయిగా వచ్చిన మనిషిని అమీన్ సాబ్ తన నౌకరిలో అదే మొదటిసారి చూశాడు. పదమూడు నెలలు జైలు. ఈలోపు రజాకార్లు వచ్చి దుకాణంలో కుట్టు మిషనును రోడ్డు మీదికి ఈడ్చి పగలగొట్టారు. ఆగమ్మ కూలికి పోయింది. బక్కయ్య ఒప్పుకున్న మాట తెలిసినప్పుడు చర్చి వాళ్ల బడిలో లెక్కల సారుగా ఉన్న ఆశీర్వాదం ఏమన్నాడో దాచడం న్యాయం కాదు. "రోగం ముదిరింది" అన్నాడు.

ఇండియన్ యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, బక్కయ్య విడుదలయ్యాడు. దండ వేశారు. ఆ దండ వాడిన కొన్నాళ్లకే మళ్లీ ఒప్పుకున్నాడు. పెండ్లి బట్టలు కుట్టడానికి ఒక పల్లెకు పోతే, అక్కడ మిలిటరీ వాళ్లు ఊరినంతా ఎండలో కూర్చోబెట్టి, అడవిలోని కమ్యూనిస్టు దళానికి రొట్టెలు పెట్టింది ఎవరని అడుగుతున్నారు.

"నేనే" అన్నాడు బక్కయ్య.

"ఎంతమందికి?"

"మీరు ఎంతమందంటే అంతమందికి."

ఈసారి ఏడు నెలలు. అప్పటి రోజులు అలాంటివి. ఒక ఇంట్లో రెండు రొట్టెలు మిగిలితే దళానికని ఒకరు కొట్టేవాళ్లు, పెట్టలేదని ఇంకొకరు బెదిరించేవాళ్లు. పొలానికి పోయిన మనిషి ఏ జైల్లో తేలతాడో తెలిసేది కాదు. రాజ్యం మారితే బతుకు మారుతుందనుకున్నవాళ్లు, మారింది టోపీలు మాత్రమేనని చూసి నోరు మూసుకున్నారు. ఆశీర్వాదానికి దేని మీదా ఆశ లేకుండా పోయింది. బడికి పోవడం, లెక్కలు చెప్పడం, తలుపు వేసుకోవడం. అంతే.

అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. జైలుకు పోయినవాడు కావాలని పార్టీ వెతికింది. నిజాం జైలూ యూనియన్ జైలూ రెండూ చూసినవాడు బక్కయ్య ఒక్కడే దొరికాడు. అభ్యర్థికి సంతకం తప్ప రాత రాదు కాబట్టి వెంట తిరగడానికి చదువుకున్న మనిషి కావాలి. తిరగాలంటే బడి వదులుకోవాలి. గెలిస్తే ఎమ్మెల్యే దగ్గర రాత పని, ఓడితే వీధి. ఆశీర్వాదం కుదరదన్నాడు. ఎన్నడూ గొంతు పెంచని ఆయన భార్య సువార్తమ్మ మాత్రం ఈ ఒక్క విషయంలో మొండికేసింది.

"పో. బక్కన్నను గెలిపించి రా."

"ఓడితే పిల్లకు ఏం పెడుదాం?"

"గెలిపియ్యి మరి."

నాలుగేళ్ల కూతురు జ్ఞానమ్మను చూసుకుని, దేవుడి మీద భారం వేసి, ఆశీర్వాదం రాజీనామా రాశాడు.

ఎదుట నిలబడ్డది ఇంద్రకరణ్. దొరల బిడ్డ, పాతికేళ్లవాడు, జీపు ఉంది, మైకు ఉంది. రోజుకో నింద వేసేవాడు. బక్కయ్య రోజుకో నింద ఒప్పుకునేవాడు. ఆశీర్వాదం దుకాణం తలుపు మూసి, కాదనడం నేర్పడానికి తాలీము పెట్టాడు.

"బక్కన్నా, నేను ఇంద్రకరణ్‌ననుకో. నువ్వు దొంగవు అంట. నువ్వేమంటవ్?"

"ఏం పోయింది సారూ?"

"ఏమన్న పోనీ! అది అబద్ధం అనాలె. అను."

"అది అబద్..." బక్కయ్య మధ్యలోనే ఆగిపోయాడు. నీళ్లు తాగాడు. "పాపం, ఏదన్న పోకుంటె గట్లెందుకంటడు? మనమే సరిగ కాపలా కాయలేదేమో."

అల్లాదుర్గ్ వైపు ఒక ఊళ్లో ఎల్లం అనే రైతు లేచాడు. "మా వాగు మీద వంతెన లేదు."

"తప్పు నాదే."

ఆశీర్వాదం చొక్కా పట్టి లాగాడు. "నువ్వింక గెలువనే లేదన్నా!"

"గందుకే సారూ. ముందుగాల్నే గెలిస్తె ఈపాటికి అయిపోతుండె."

పోలింగు ఇంకా నాలుగు రోజులుందనగా ఖిల్లా కింద మైదానంలో ఇద్దరినీ ఒకే వేదిక మీదికి పిలిచారు. సాయంత్రం పొద్దుండగానే జనం నిండిపోయారు. ఇంద్రకరణ్ మాట్లాడి మాట్లాడి, సంచిలోంచి ఒక బట్ట తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. నలభై ఏడునాటి జెండా. పాత ఠాణా సామాన్లలోంచి ఎలా సంపాదించాడో మరి.

"ఏం బక్కయ్యా, గిది నువ్వు కుట్టిందేనా?"

"నేనే దొరా."

"ముప్పై ఏండ్ల దర్జీవి. ఒక్క కుట్టన్న సక్కగున్నదా?"

"లేదు దొరా. తప్పు నాదే."

జనం నవ్వారు. ఇంద్రకరణ్ నవ్వలేదు. "అన్ని కుట్లు ఎడమకు వాలినయ్. గిది ఎడమ చెయ్యి మనిషి కుట్టు. నీది కుడి చెయ్యి. గిది నువ్వు కుట్టలే, నీ జైలు అబద్ధం, నీ టికెట్టు అబద్ధం. కాదంటే ఇగో గుడ్డ, ఇగో సూది, ఇగో దారం. అందరి ముంగట గట్లనే కుట్టి సూపెట్టు."

బక్కయ్య సూది తీసుకుని కింద కూర్చున్నాడు. వంకరగా కుట్టాలని ఆయన పడ్డ పాట్లు చూడాలి. పళ్లు బిగించాడు, కళ్లు మూసుకున్నాడు, కూర్చున్నవాడు పక్కకు వాలాడు. పది కుట్లు వేసి ఎత్తి చూపిస్తే పదీ గీత గీసినట్టు వచ్చాయి. ఎడమ చేతికి మార్చాడు. మొదటి పోటే బొటనవేలిలో దిగింది.

"జర ఆగుండ్రి, వస్తది" అన్నాడు నెత్తురు చీకుతూ.

ఇక రాదని అందరికీ తెలిసిపోయింది. పార్టీ పెద్దలు ఒక్కొక్కరే వేదిక దిగుతున్నారు. ఆశీర్వాదం జెండాను చేతిలోకి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆయనకే తెలియదు. పోయిన నౌకరి, ఇంట్లో పిల్ల, రేపటి నుంచి బతుకు, ఇవే తలలో తిరుగుతున్నాయి. కళ్లు మాత్రం కుట్టు మీద పడ్డాయి. పెద్ద పెద్ద కుట్లు, మూడు వేసి ఒక ముడి, మళ్లీ మూడు వేసి ఒక ముడి. తన వంటి మీద చొక్కా కాలరు తిప్పి చూసుకున్నాడు. నిన్నగాక మొన్న సువార్తమ్మ కుట్టిన కాలరు. మూడు వేసి ఒక ముడి.

తలెత్తేసరికి ఆడవాళ్లలోంచి సువార్తమ్మ నడిచి వస్తోంది. జ్ఞానమ్మను మొగుడి చేతికి ఇచ్చింది. బక్కయ్య ముందు కూర్చుని సూదికి చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి.

"వద్దు చెల్లే, ఇంట్లకు పో" అన్నాడు బక్కయ్య మెల్లగా.

"ఇగ చాలన్నా."

ఆ గుడ్డ మీద ఆమె ఆరు కుట్లు వేసింది. ఆరూ ఎడమకు వాలాయి. లేచి జనానికి చూపించింది. మైకు ఎలా వాడాలో తెలియక దానికి ఆమడ దూరంలో నిలబడి మాట్లాడింది. అయినా అందరికీ వినపడింది, ఎందుకంటే ఎవరూ కదల్లేదు.

"జెండా కుట్టింది నేను. మా తమ్ముడు యోసేపు బట్ట తెచ్చి ఇచ్చిండు. అప్పుడు నాకు ఎనిమిదో నెల. బక్కన్న నా కుట్టు గుర్తువట్టిండు. గుర్తువట్టి నన్ను చెప్పలే. జైలు నుంచి కబురు పంపిండు, సారుకు గూడ చెప్పకు అని."

ఇంద్రకరణ్ మైకు ముందు నుంచి పక్కకు జరిగాడు. ఆశీర్వాదం చేతిలో జ్ఞానమ్మ బరువుగా ఉంది. ఆ బరువు ఏ జైల్లోనో పుట్టి ఉండేదని, అసలు పుట్టకపోయి ఉండేదేమోనని అప్పుడు తట్టింది. ఆయనకు ఏడుపు వచ్చింది, వచ్చినట్టే ఏడ్చాడు. ఒక పార్టీ పెద్ద పరుగున వచ్చి చెవిలో గొణిగాడు.

"సారూ, గట్లయితె ఈయన జెండా కుట్టనట్టే గద! టికెట్టు ఏమని సమర్థించాలె?"

"పదమూడు నెలలు జైల్ల ఉన్నది ఎవలు? మీరా?" అన్నాడు ఆశీర్వాదం. జీవితంలో ఆయన పెద్దవాళ్ల మీద అరిచింది అదే మొదలు.

ఇంటికి పోతూ బక్కయ్యను నిలదీశాడు. "నాకెందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు లెక్కల సారువి. ఎరికైతె ఠాణకు ఉరికి, నా పెండ్లాం చేసింది నేనే చేసిన అంటవు. అప్పుడు ఠాణల ముగ్గురం 'నేనే, నేనే' అంటుంటిమి. అమీన్ సాబ్ పరేషాన్ అయితుండె."

ఓట్ల రోజు మెదక్‌లో ఆడవాళ్ల వరుస మగవాళ్ల వరుసను దాటిపోయింది. ఆరు వందల ఓట్ల తేడాతో బక్కయ్య గెలిచాడు.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం బజార్లో బ్యాండు మేళం, పూలదండలు, ఎద్దుల బండికి కట్టిన మామిడాకులు అన్నీ సిద్ధం. ఎమ్మెల్యే ఒక్కడే లేడు. ఆశీర్వాదం ఊరంతా వెతికి, చివరికి ఎక్కడ దొరికాడంటే ఇంద్రకరణ్ ఇంట్లో. ఇంద్రకరణ్ లోపల గడియ పెట్టుకున్న గది ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ముట్టని కంచాలు రెండు. ఇంద్రకరణ్ తల్లి పద్మమ్మ పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

ఆశీర్వాదం గడప దగ్గరే మండిపడ్డాడు. "ఊరంతా నీ కోసం కూసున్నది. గీడ ఏం చేస్తున్నవన్నా? మన బతుకులు తీసిన మనిషి ఇల్లు ఇది!"

"పిల్లగాడు పొద్దటి సంది ఏం తినలేదు సారూ. గెలిచినోని తాన మస్తుమంది ఉంటరు. ఓడినోని తాన ఒక్కరన్న ఉండాలె గద." గది వైపు తిరిగి గొంతు పెంచాడు. "చిన్న దొరా! నువ్వు తింటెనే నేను తింట. నాకు మస్తు ఆకలైతుంది. జర దయ చూడు!"

కాసేపటికి లోపల గడియ తీసిన శబ్దం వినపడింది. కళ్లు వాచిన ఇంద్రకరణ్ బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా రెండో కంచం ముందు కూర్చున్నాడు.

పద్మమ్మ ఆశీర్వాదం వైపు చూసింది. "నువ్వు గూడ రా సారూ. నిలవడితె ఎట్ల?"

ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగనని ఆశీర్వాదం గట్టిగానే అనుకున్నాడు. కానీ వంటింట్లోంచి పప్పుచారు వాసన వస్తోంది, పొద్దుట నుంచి ఆయనా ఏమీ తినలేదు. చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. ఆమె మూడో కంచం పెట్టింది. బయట బ్యాండు వాళ్లు చూసి చూసి, ఎమ్మెల్యే లేకుండానే ఊరేగింపు మొదలుపెట్టేశారు.